ఆ వీడియోలో మనిషి గొంతు వినిపించదు

పోయిన వారం మా ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. మీరూ చూసే ఉంటారు, అలాంటివి చాలా తిరుగుతున్నాయి. ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉంటాడు, చేతిలో నీళ్ళ గ్లాసు, నీళ్ళన్నీ చొక్కా మీదే. పక్కనుంచి ఎవరో రిమోట్ లాంటిది నొక్కుతారు. నాలుగైదు సెకన్లలో చెయ్యి నిలబడిపోతుంది. ఆయన గ్లాసెత్తి గుక్కెడు తాగుతాడు, పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంటుంది. మెదడులోకి సన్నటి తీగలు దించి, కరెంటుతో వణుకు ఆపే ఆపరేషన్ అది. డీబీఎస్ అంటారు. వీడియో కింద మావాళ్ళందరూ దణ్ణాలు, చప్పట్లు పెట్టారు.

ఏమీ అననిది మావయ్య ఒక్కడే. ఆయన తలలో నాలుగేళ్ళుగా అవే తీగలున్నాయి. ఆ రాత్రి ఫోన్ చేసి అడిగితే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "పాట పెట్టారు, చూశావా" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. మళ్ళీ పెట్టి చూశాను. మొదటి నుంచి చివరి దాకా వెనక వయొలిన్ మోగుతూనే ఉంది. నీళ్ళు తాగాక ఆ పెద్దాయన పెదాలు కదుపుతున్నాడు, ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో మనకు వినిపించదు.

ఆ తర్వాత పట్టుబట్టి ఇరవై దాకా చూశాను. గ్లాసులు, చెంచాలు, కాగితం మీద గీసే చుట్టలు, చొక్కా బొత్తాలు అన్నీ ఉన్నాయి. మనిషి వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడినవి మాత్రం రెండే దొరికాయి. కావాలనే దాచారని నేననను. చెయ్యి కంటికి కనిపిస్తుంది, అందుకే అందరూ చేతినే చూస్తారు. కానీ ఈ ఆపరేషన్ చేతికి ఇచ్చినదాన్ని ఎంత శ్రద్ధగా కొలుస్తున్నారో, మాట దగ్గర తీసుకునేదాన్ని కూడా అంతే శ్రద్ధగా, అదీ ఆపరేషన్‌కి ముందే కొలవాలన్నది నా అభిప్రాయం. రెండింటిలో ఏది ఎంత కావాలో చెప్పే హక్కు ఆ మనిషిదే అని కూడా. నాలుగేళ్ళు మావయ్యని దగ్గర్నుంచి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. ఇందులో నాకు ఇంకా తేలని సందేహాలున్నాయి, అవీ రాస్తాను.

సంతకం కలవలేదు

మావయ్య డాక్యుమెంట్ రైటర్. గుంటూరు జిల్లాలో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎదురుగా, రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాశాడు. కంప్యూటర్లొచ్చాక టైపుకి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నా చిత్తు మాత్రం తన చేత్తోనే రాసేవాడు. రాయడం ఆ పనిలో సగమే. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, సాక్షులు చుట్టూ కూర్చుంటే మొత్తం దస్తావేజు పైకి చదివి వినిపించాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, చెక్కుబందీ, ఎక్కడా తడబడకుండా, చదువు రాని ముసలమ్మకి కూడా తన పొలం ఏ కాలవ గట్టు దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్ళకి కట్టేలా చదివేవాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే ఆ షెడ్డులో బెంచీ మీద కూర్చుని వినేవాణ్ణి.

యాభై దాటాక కుడిచేతిలో వణుకు మొదలైంది, తర్వాత ఎడమ చేతికీ వచ్చింది. పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే బాగానే ఉంటుంది, పని చెప్పగానే వణుకుతుంది. మా అమ్మమ్మకీ ఉండేది, ఇది తరచూ కుటుంబాల్లో వస్తుందట. ప్రొప్రనలాల్ ఇచ్చారు, కళ్ళు తిరిగేవి. ప్రిమిడోన్ ఇచ్చారు, రోజంతా మగతగా ఉండేది. రెండు పెగ్గులేస్తే కాసేపు తగ్గుతుందని స్నేహితులు చెప్పారు, ఈ జబ్బులో చాలామందికి అది నిజమే, కానీ ఆయన ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా బంతిలో కూర్చోవడం మానేశాడు. ఇంట్లో అత్తయ్య పప్పన్నం గట్టిగా కలిపి ముద్దలు చేసి పెట్టేది, చారన్నం జోలికే వెళ్ళేవాడు కాదు.

ఒకరోజు బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కి ఇచ్చారు. మూడుసార్లు పెట్టించారు, మూడూ మూడు రకాలుగా వచ్చాయి. చివరికి కౌంటర్లో అమ్మాయి వేలిముద్ర వేయమని ఇంకు ప్యాడ్ ముందుకి తోసింది. ముప్పై ఏళ్ళు ఊరందరి చేతా వేలిముద్రలు వేయించిన మనిషి. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు. ఆపరేషన్ సంగతి ఎత్తినప్పుడు ఇంట్లో అందరికన్నా ముందు ఆయనే సరేనన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఈ ఆపరేషన్‌కి వ్యతిరేకిననుకుంటారేమోనని. కాదు. ఆ వణుకు మనిషిని ఎంత చిన్నబుచ్చుతుందో ఇంట్లో చూసినవాణ్ణి.

సోమవారం, మంగళవారం

మెలకువగా ఉంచే చేశారు. పుర్రెకి చిల్లు పెట్టి, థలామస్ అనే భాగంలో విమ్ అని పిలిచే చిన్న చోటికి తీగ దించి, కరెంటు పెంచుతూ చెయ్యి చాపమన్నారు, ముక్కు ముట్టుకోమన్నారు, గాల్లో చుట్టలు గీయమన్నారు. మాట కూడా చూశారు, చూడలేదని అనను. వారాల పేర్లు చెప్పమన్నారట, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమన్నారట. బాగానే చెప్పాడు. ఒకే ఆపరేషన్‌లో రెండు వైపులా తీగలు పెట్టి, కాలర్ ఎముక కింద చర్మం లోపల బ్యాటరీ అమర్చారు.

ఆ పరీక్ష మీదే నా మొదటి అభ్యంతరం. వారాల పేర్లు మనం ఆలోచించి చెప్పం, అవి నోటికి అలవాటైపోయిన మాటలు, నాలుక దారి తప్పినా దొర్లుకుంటూ వచ్చేస్తాయి. మాట అసలు పరీక్షకి నిలిచేది ఎదుటివాడికి కొత్త సంగతి చెప్పాల్సినప్పుడు, ఫోన్లో, ఫ్యాన్ చప్పుడులో, నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు. ఆ టేబుల్ మీద రెండు నిమిషాల్లో అది తెలిసే విషయం కాదు.

మొదటి నెల పండగే. తీగ దిగినప్పుడు ఆ చోట కలిగే చిన్న గాయం వల్ల కూడా కొన్నాళ్ళు వణుకు తగ్గుతుంది. ఆ వాపు తీశాక వణుకు కొంచెం తిరిగొచ్చింది, కరెంటు పెంచారు. మూడు నెలలకి మళ్ళీ పెంచారు. వెళ్ళిన ప్రతిసారీ కాగితం మీద చుట్ట గీయించేవారు, నీళ్ళు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయించేవారు. చుట్టలు చక్కగా వస్తున్నాయి. పేజీ చదవమని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఎనిమిదా, తొమ్మిదా

ముందు గమనించింది నేనే, దూరంగా ఉంటాను కాబట్టి. ఫోన్లో మొహం కనపడదు, పెదాలు కనపడవు, మాట ఒక్కటే ఉంటుంది. ఎవరిదో నంబరు చెబుతున్నాడు. ఎనిమిది అన్నాడో తొమ్మిది అన్నాడో తెలియలేదు. డెబ్భై అన్నాడా తొంభై అన్నాడా? మన అంకెల్లో ఇలాంటివి చూడండి, చివర్లు ఒకేలా ఉంటాయి, తేడా అంతా మొదట్లోనే. ఆ మొదటి అక్షరమే మావయ్య నోట్లో మెత్తబడిపోయింది. ఒత్తులు కూడా. "మొగ్గ" అంటే గ మీద నాలుక ఒక క్షణం ఆగాలి కదా, ఆ ఆగడం లేదు. "ప" అన్నది ఫ కీ వ కీ మధ్యలో ఎక్కడో పడుతోంది.

తర్వాత చదివితే తెలిసింది, సరిగ్గా ఇదే సంగతి జర్మనీలో కొలోన్ పరిశోధకులు 2014లో ప్రచురించారు. ఎసెన్షియల్ ట్రెమర్‌కి విమ్‌లో రెండు వైపులా తీగలు పెట్టించుకున్నవాళ్ళ చేత, యంత్రం ఆపి ఒకసారి, నడిపి ఒకసారి, ఒకే అక్షరాన్ని గబగబా అనిపించారు. యంత్రం నడుస్తున్నప్పుడు అక్షరాలు నెమ్మదించాయి, పెదాలు, నాలుక పూర్తిగా మూసుకోవాల్సిన చోట మూసుకోక గాలి జారిపోయింది, ఆగాల్సిన గొంతు ఆగకుండా మోగింది. మన ఒత్తక్షరాలు నిలబడేదే ఆ మూసుకోవడం మీద.

కారణం ఆ చోటే. విమ్‌ని ఆనుకుని బయటివైపు మెదడు నుంచి కిందికి దిగే నరాల కట్ట ఉంటుంది, మొహానికి, నాలుకకి, గొంతుకి వెళ్ళే తీగలూ అందులోనే. కరెంటు అటు పాకితే మాట బిగుసుకుని ముద్దగా వస్తుంది. చిన్నమెదడు నుంచి వచ్చే దారులు ఇంకోవైపున్నాయి, వణుకు ఆగేది వాటి వల్లే, కానీ అక్కడ మోతాదు మించితే మాట తూలుతుంది.

తూలడం అని ఊరికే అనలేదు. ఒకరోజు పొద్దున పదింటికి మందుల షాపుకి వెళ్ళాడు. చీటీ మర్చిపోయి, మందు పేరు నోటితో చెప్పాడు. కౌంటర్ వెనక కుర్రాడు పక్కవాడి వైపు చూసి నవ్వి, "ఏం తాతా, పొద్దున్నే మొదలెట్టావా" అన్నాడు. వణుకు తగ్గుతుందంటే కూడా మద్యం ముట్టని మనిషి ఆయన. ఈ సంగతి ఆయన చెప్పలేదు, వెంట వెళ్ళిన మనవడు చెప్పాడు. ఆ తర్వాతి నుంచి చీటీ లేకుండా బయటికి వెళ్ళడం లేదు. మందుల చీటీ గురించే కాదు, కూరగాయలక్కూడా రాసుకుని వెళ్తాడు. చక్కటి అక్షరాలు, మళ్ళీ పాత దస్తూరీ వచ్చేసింది. మాట్లాడాల్సిన అవసరం లేకుండా ఉండడానికి ఇప్పుడా దస్తూరీ వాడుకుంటున్నాడు.

"వయసండీ, మామూలే"

ఇంట్లో ఎవరితో అన్నా ఇదే జవాబు. అరవై ఆరేళ్ళొచ్చాయి, పళ్ళు కట్టించుకున్నాడు, అందుకే అలా ఉంది అనేవారు. మావయ్య కూడా నోరెత్తలేదు. అంత ఖర్చయింది, ఎకరం పొలం అమ్మాడు బావ, చెయ్యి చూస్తే రాయిలా నిలబడి ఉంది, ఇప్పుడు మాట సరిగ్గా లేదంటే బాగుంటుందా అన్నది ఆయన మొహమాటం. మన ఇళ్ళల్లో ఇది చాలా పెద్ద అడ్డు. లక్షలు పెట్టి వైద్యం చేయించుకున్నవాడు సగం బాగుందని చెప్పడానికి సిగ్గుపడతాడు, పిల్లల్ని నొప్పించినట్టవుతుందని.

ఇక్కడ నా వాదనకి ఎదురుగా నిలిచేవి కొన్ని ఉన్నాయి. మాట పాడవడమంతా యంత్రం వల్లేనా? కాదు. అదే కొలోన్ పరిశోధనలో, యంత్రం ఆపినప్పుడు కూడా ఆ రోగుల మాట ఆరోగ్యవంతుల మాటంత స్పష్టంగా లేదు. అంటే ఆ జబ్బుకే కొంత వాటా ఉంది. పార్కిన్సన్స్‌లో అయితే చిక్కు ఇంకా ఎక్కువ, అక్కడ తీగలు పెట్టేది సాధారణంగా వేరే చోట, సబ్‌థలామిక్ న్యూక్లియస్‌లో, పైగా జబ్బే గొంతుని తగ్గించి, మాటని చదును చేసేస్తుంది. లండన్ బృందం 2011లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. 32 మంది పార్కిన్సన్స్ రోగుల మాట ఎదుటివాళ్ళకి ఎంత అర్థమవుతోందో ఆపరేషన్‌కి ముందు, ఏడాది తర్వాత కొలిచారు. మందులు వేసుకున్న స్థితిలో సగటున 17 శాతం దాకా పడిపోయింది. ఆపరేషన్ లేకుండా మందుల మీదే ఉన్న 12 మందిలో పడింది 5 శాతం లోపు. తేడా స్పష్టంగానే ఉంది, కానీ ఆ 32 మందిలోనే కొందరికి మాట మెరుగైంది కూడా. ఎవరికి ఎటు పోతుందో ముందుగా చెప్పడం తేలిక కాదని దాని అర్థం. నేనిది దాచి వాదించలేను.

అయితే ఆ లెక్కల్లో నాకు ముఖ్యంగా కనిపించింది వేరే విషయం. వాళ్ళు ముందు కూడా కొలిచారు. కొలిచారు కాబట్టే ఎంత జబ్బుది, ఎంత యంత్రానిది అని మాట్లాడుకోగలుగుతున్నారు. మావయ్య విషయంలో మా దగ్గర ఏముంది? వయసనే వాళ్ళకీ యంత్రమనే నాకూ ఇద్దరికీ ఆధారం లేదు. పాత గొంతు కోసం వెతికితే ఒక పెళ్ళి వీడియోలో ఇరవై సెకన్లు దొరికింది, దాని వెనకా సన్నాయి.

ఒక వైపు చాలేది

డాక్టర్ల వైపు నుంచి కూడా ఆలోచించాను. బయట ముప్పై మంది కూర్చుని ఉంటారు, ప్రతి ఇబ్బందినీ విడమర్చి చెబితే సగం మంది భయపడి లేచిపోతారు, బాగుపడాల్సినవాళ్ళు వణుకుతోనే ఉండిపోతారు. పైగా ఇది తిప్పుకోగల వైద్యం, కరెంటు తగ్గిస్తే మాట చాలావరకు వెనక్కి వస్తుంది. ఈ వాదనలో బలం ఉంది, చాలా రోజులు నన్ను ఆపింది కూడా.

కానీ చరిత్ర చూస్తే అది అంత నిలబడదు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే సర్జన్ ఈ పద్ధతి మొదలుపెట్టక ముందు అదే చోటిని కాల్చేవారు. రెండు వైపులా కాలిస్తే మాట దెబ్బతింటుందని అప్పటి డాక్టర్లకి బాగా తెలుసు, అందుకే రెండోవైపు ముట్టుకోవడానికి జంకేవారు. కాల్చడం బదులు కరెంటు పెట్టడానికి ఉన్న పెద్ద ఆకర్షణల్లో ఇదొకటి. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో కాల్చే కొత్త పద్ధతికి కూడా అమెరికాలో 2016లో అనుమతి ఇచ్చింది ఒక వైపుకే, రెండో వైపుకి 2022లో ఇచ్చారు, అదీ నెలల తరబడి ఎడం ఇచ్చి చేయాలని. అంటే రెండు వైపులూ ఒకేసారి ముట్టుకుంటే మాటకి ముప్పు ఎక్కువన్నది పాత సంగతే. తెలిసిన ముప్పుని చెప్పడం భయపెట్టడం ఎలా అవుతుంది?

నాకున్న అసలు సందేహం వేరు. ఇదంతా ముందే చెప్పి ఉంటే మావయ్య వద్దనేవాడా? అలా అయితే చెప్పకపోవడమే మేలు జరిగిందని ఒప్పుకోవాలి కదా, ఆ సంతకం, ఆ చారన్నం తిరిగొచ్చాయి కాబట్టి. రెండేళ్ళు అడగడానికి ధైర్యం చాల్లేదు. చివరికి పోయిన సంక్రాంతికి, భోగి మంట ఆరిపోయాక ఇద్దరమే కూర్చున్నప్పుడు అడిగేశాను. "మావయ్యా, మాట ఇలా అవుతుందని ముందే తెలిస్తే చేయించుకునేవాడివేనా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కుడిచెయ్యి ఎత్తి చూపించి, "దీనికి చేయించుకునేవాణ్ణి" అన్నాడు. ఎడమచెయ్యి ఎత్తి, "దీనికి వద్దనేవాణ్ణి, అల్లుడూ. దీనితో నేనేం రాశాను?"

నేను ఊహించుకున్నవి రెండే జవాబులు, చేయించుకుంటాను, చేయించుకోను. ఆయన మూడోది చెప్పాడు, అంత తేలిగ్గా, ఎప్పుడో తేల్చేసుకున్నట్టు. ఒక వైపే తీగ పెట్టి ఉంటే మాటకి ముప్పు తగ్గేది, కుడిచెయ్యి రాసేది, ఎడమచెయ్యి వణికితే వణికేది. ఆ ఎంపిక ఉందని కూడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. నిజాన్ని పూర్తిగా చెబితే రోగి పారిపోతాడనుకుంటాం కానీ, ఆ నిజం చేతికిస్తే రోగి తన బతుక్కి సరిపడా కొలతలు వేసుకుంటాడని ఆ రాత్రి నాకు తెలిసింది.

బి గ్రూపు

పండగ కాగానే మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఈసారి నేను ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్ళాను, మావయ్య ఒక పేజీ చదివింది, ఎనిమిది నుంచి వంద దాకా అంకెలు, అత్తయ్యతో రెండు నిమిషాలు మాట్లాడుకున్నది. డాక్టర్ గారు వినగానే పెన్ను కింద పెట్టారు. ఇన్నాళ్ళూ ఆయన విన్నది "బావున్నారా", "బావున్నానండీ" వరకే కదా. కొలోన్‌లో అప్పుడే ఇంకోటి కూడా చూపించారు, ఆ మనిషికి తగ్గట్టు కరెంటు ఏ వైపు పాకాలో మలిస్తే వణుకు అదుపులో ఉంటూనే మాట మెరుగవుతుందని. మావయ్యకీ అలాంటిదే ప్రయత్నించారు. గంటన్నర పట్టింది. యంత్రంలో రెండు అమరికలు పెట్టి ఇంటికి పంపారు. మొదటిదాని పేరు 'ఎ' గ్రూపు, అందులో రెండు చేతులూ నిలబడతాయి, మాట ముద్దగా ఉంటుంది. బి గ్రూపులో ఎడమచేతి వైపు ఆపేశారు, కుడిచేతి వైపు కరెంటు తగ్గించి పక్కకి మళ్ళించారు. రిమోట్ మావయ్య చేతిలోనే ఉంటుంది.

భోజనాల వేళకి, ఎక్కడికైనా విందుకి వెళ్తే 'ఎ'. మనవరాలు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసే టైముకి బి. మాట పూర్తిగా పాతది కాలేదు, అంకెల దగ్గర ఇంకా నెమ్మదిస్తాడు, కానీ ఎనిమిది ఎనిమిదే, తొమ్మిది తొమ్మిదే. మొన్న ఒకసారి మందుల షాపుకి చీటీ లేకుండా వెళ్ళొచ్చాడని అత్తయ్య ఫోన్లో చెప్పింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అనుకుంటుంటే, ముందు ఐదు నిమిషాలు వాళ్ళ గొంతు రికార్డు చేసి పెట్టుకోండి, వెనక ఏ పాటా లేకుండా. పేపర్లో ఒక వార్త చదివించండి, ఫోన్ నంబర్లు నాలుగు చెప్పించండి, గొడవపడే విషయం ఒకటి ఎత్తి మాట్లాడించండి. ఒక వైపా, రెండు వైపులా అని డాక్టర్ని అడగండి. మాట తేడా వస్తే ఎన్నాళ్ళలో చూస్తారు, ఎవరు వింటారు అని అడగండి. స్పీచ్ థెరపీ అంటే మన దగ్గర పిల్లలకే అనుకుంటారు, పెద్దవాళ్ళకీ ఉంది, కానీ కరెంటు వల్ల జారిన మాటకి ముందు సర్దాల్సింది కరెంటునే.

కిందటి నెల వెళ్ళినప్పుడు పక్కింటాయన ఏదో స్థలం కాగితం తెచ్చాడు, కొనేముందు ఒకసారి చూసిపెట్టమని. మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని రిమోట్ నొక్కాడు. కుడిచేతిలో పెన్సిల్ నిలకడగా ఉంది. ఎడమచేతిలో కాగితం రెపరెపలాడటం మొదలైంది, అక్షరాలు అందడం లేదు. నేను పక్కకి జరిగి కాగితం పట్టుకున్నాను. గొంతు సర్దుకుని, షెడ్డులో చదివినట్టే, నెమ్మదిగా మొదలుపెట్టాడు. "తూర్పు, పంచాయతీ రోడ్డు. దక్షిణం, విక్రయదారుల మిగులు స్థలం..." పడమర దగ్గర ఆగి, కొలత తప్పుందని పెన్సిల్‌తో గీత గీశాడు.